మాతృభాష అనే గడి

మా యూనివర్సిటీ ఆర్ట్స్ ఫ్యాకల్టీకి వచ్చే అయిదేళ్ళ ప్రణాళిక రాసింది నేను. నున్నటి కాగితం మీద అచ్చయిన ఆ పుస్తకంలో నా పేరు ఎక్కడా లేదు. దానికి నేనేమీ ఏడవడం లేదు. గెస్ట్ ఫ్యాకల్టీ పేర్లు కూడా అచ్చువేయడం మొదలుపెడితే ఇంకో రెండు పేజీలు దండగ అనుకుని ఉంటారు. నా బాధంతా అందులోంచి ఎగిరిపోయిన ఒక్క పేజీ గురించి.

ఆ పని నాకు అప్పగించింది మా డీన్. ఎమ్మేలో నాకు పాఠం చెప్పిన సారే. ఒడిశాలోనే, రాయగడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగు మనిషి. మేం కొరాపుట్ మునిసిపాలిటీవాళ్ళం. మా తాత పార్వతీపురం వైపు నుంచి వచ్చి నీళ్ళ పంపుల దగ్గర పనికి కుదిరాడు. మా అమ్మ మునిసిపాలిటీ ఆఫీసులోనే అటెండరుగా చేసి రిటైరైంది. సారు వరండాలో ఒడియా, మీటింగుల్లో ఇంగ్లీషు మాట్లాడేవాడు. గది తలుపు వేశాక మాత్రం నాతో తెలుగు. ఆ తలుపు పడిన చప్పుడు వింటే నాకు సొంత ఇంట్లో అడుగుపెట్టినట్టు ఉండేది. అంత పిచ్చిదాన్ని.

ప్రతి ఫ్యాకల్టీ తన స్ట్రాటజిక్ ప్లాన్ పంపాలని పైనుంచి ఉత్తరం వచ్చిన రోజు, సారు తలుపు వేసి కుర్చీ చూపించాడు. విజన్, మిషన్ లాంటి పెద్ద మాటలు తను చూసుకుంటానన్నాడు. ఈ చుట్టుపక్కల జనం ఆర్ట్స్ ఫ్యాకల్టీ నుంచి ఏం కోరుతున్నారో తిరిగి కనుక్కోవడం, అదంతా కూర్చి రాయడం నా పని. నేను లేస్తుంటే అన్నాడు: "ఇందులో మన బాసకో పేజీ ఉండాలమ్మీ. రాయడం నీ వొంతు. నిలబెట్టడం నా వొంతు."

ఆ పేజీ ఏమిటో చెప్పాలి. ఇక్కడి ఇళ్ళలో మాట్లాడే భాషలకు ఒక విభాగం. ముందు తెలుగు, తర్వాత దేశియా, కువి. పగలు పనులకు వెళ్ళేవాళ్ళ కోసం సాయంత్రం తరగతి. నేను దాని మీద ఎందుకు ప్రాణం పెట్టానంటే, ఎమ్మే చదివిన నేను సరిహద్దు దాటి సాలూరు బస్టాండులో దిగి బస్సు బోర్డు మీద ఏముందో పక్కవాళ్ళను అడుగుతాను. మేమంతా ఒడియా బడుల్లో చదివాం. తెలుగు మా నోట్లో ఉంది, కంట్లో లేదు. సినిమాల నుంచీ టీవీ వార్తల నుంచీ పుస్తకాల తెలుగు కూడా చెవుల్లోకి ఎక్కింది గానీ, అక్షరం చూస్తే గుడ్లప్పగించడమే. సాయంత్రం తరగతి పెడితే మొదటి బెంచీ తనదేనని మా అమ్మ ముందే చెప్పేసింది.

అందుకే మా ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. సరుకుల చీటీ, మందుల వేళలు, పెళ్ళి పిలుపుల జాబితా, అన్నీ తెలుగు మాటల్లోనే, కానీ ఒడియా అక్షరాల్లో రాసుకుంటాం. ఆ చీటీ సాలూరులో ఎవరూ చదవలేరు. మా ఆఫీసు గుమాస్తా చదవగలడు గానీ అర్థం చేసుకోలేడు. నా నోటుబుక్కూ అంతే. ఇప్పుడిది కూడా అలాగే రాస్తున్నాను, మీ చేతికి వచ్చేసరికి ఎవరో తెలుగు అక్షరాల్లోకి ఎక్కించి ఉంటారు. మా ఫ్యాకల్టీ మొత్తం మీద నా నోటుబుక్కు చదివి అర్థం చేసుకోగలిగింది సారు ఒక్కడే.

ఆ చలికాలమంతా సర్వే ఫారాలు సంచిలో వేసుకుని తిరిగాను. దామంజోడి ఫ్యాక్టరీ క్వార్టర్లలో టెక్నీషియన్ల ఇళ్ళు, నందపూర్ సంతలో అల్లం బస్తాల వెనకాల కూర్చున్నవాళ్ళు, కకిరిగుమ్మ స్టేషన్లో పనిచేసేవాళ్ళు. ఎక్కడికి వెళ్ళినా తెలుగువాళ్ళు ఎవరో నన్ను పట్టేసేవారు. టీ ఇచ్చి, మా తాతది ఏ ఊరో అడిగి, మా అత్తవారిది మీ పక్క ఊరే అని సంబరపడేవారు. వాళ్ళ పిల్లలు తెలుగు చదవలేకపోతున్నారని గంటసేపు చెప్పుకునేవారు. చెప్పినంతసేపూ చెప్పి, పెన్ను తీసుకుని, మాతృభాష అన్న గడిలో ఒడియా అని రాసి నా చేతిలో పెట్టేవారు.

నాకది కొత్తేమీ కాదు. మొట్టమొదటి ఫారం నింపింది మా అమ్మే. కళ్ళజోడు తుడుచుకుని, ఒడియా అని గుండ్రంగా రాసి, కింద సంతకం పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. నీ కూతురు తెచ్చిన కాగితంలో కూడా అబద్ధమేనా అన్నాను.

"సర్కారు కాయితమమ్మీ," అంది నెమ్మదిగా. "దాన్లో ఇంటి మాట రాత్తారేటి?"

ఆ మాటకు వెనకాల మా మూడు తరాల భయం ఉంది. తెలుగు అని కాగితం మీద కనబడితే, మీరు ఆంధ్రావాళ్ళు కదా, ఇక్కడ మీకేం పని అని రేపు ఎవడైనా అడుగుతాడేమోనని. నివాసం సర్టిఫికెట్టు దగ్గర, ఉద్యోగం పర్మినెంటు చేసే దగ్గర, పిల్లల్ని హాస్టల్లో వేసే దగ్గర. నిజంగా ఎవరైనా అడిగారా అంటే నాకు తెలిసి ఎవరూ అడగలేదు. అడగకముందే జవాబు రాసేయడం మాకు అలవాటైంది.

అందుకని నేనొక పని చేశాను. ఫారాలకు వరుసగా నంబర్లు వేసి, ఏ ఫారం మనిషి నాతో ఏ భాషలో మాట్లాడాడో, ఏం కావాలన్నాడో నోటుబుక్కులో రాశాను. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో, గడిని నమ్మొద్దు, వీళ్ళు భయపడి రాశారు, చెవితో విన్నది ఇందులో ఉంది అని పెట్టాను. మా అమ్మ అన్న మాట కూడా ఉన్నదున్నట్టు రాశాను. ఫారాలూ నోటుబుక్కూ కలిపి సారుకి ఇచ్చాను. ఆయన నా ముందే చదివాడు. అమ్మ మాట దగ్గర ఆగి, వాళ్ళమ్మ కూడా అచ్చం ఇలాగే అనేదని పడీపడీ నవ్వాడు. ఫారాలు ఊరికే అనుబంధంలో పడుంటాయి, ప్లానుకి మాత్రం నా నోటుబుక్కే ఆధారం అన్నాడు. ఇంటికెళ్ళి అమ్మతో, నీ బెంచీ ఖాయం అని చెప్పాను.

అకడమిక్ కౌన్సిల్ మీటింగు నాడు ప్రొజెక్టరు దగ్గర కూర్చుని స్లయిడ్లు మార్చే పని నాకిచ్చారు. ఫైలు ఆ ఉదయమే సారు పెన్‌డ్రైవులోంచి ఎక్కించాను, తెరిచి చూసుకునే తీరిక దొరకలేదు. ఒక్కొక్క స్లయిడూ నేను రాసిన వాక్యాలతోనే వెళుతోంది. మా పేజీ రావలసిన చోట బటన్ నొక్కాను. తెర మీద టూరిజం డిప్లొమా వచ్చింది. జలపాతం బొమ్మతో సహా. పొరపాటున ముందుకు పోయిందేమోనని వెనక్కి నొక్కాను, మళ్ళీ ముందుకి నొక్కాను. జలపాతమే.

ఇంటి భాషల విభాగం ఒకటి వస్తుందని విన్నామే అని ఒక సభ్యురాలు అడిగింది. సారు తడుముకోలేదు. ఊరూరా తిరిగి సర్వే చేయించామనీ, మాతృభాష దగ్గర దాదాపు అందరూ ఒడియా అనే రాశారనీ, అవసరం లేనిచోట విభాగం పెట్టలేమనీ, ఫారాలన్నీ అనుబంధంలో ఉన్నాయనీ చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, తిరిగి తెచ్చింది ఈవిడే, అంతే కదా అని ఇంగ్లీషు వదిలి ఒడియాలో అడిగాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. లేచి నిజం చెప్పాలంటే ఏం చెప్పాలి? వీళ్ళంతా సర్కారు కాగితంలో అబద్ధం రాశారని చెప్పాలి. వాళ్ళ పేర్లు, సంతకాలు అదే అనుబంధంలో ఉన్నాయి. నన్ను నమ్మి టీ ఇచ్చినవాళ్ళను, మా అమ్మను, నా చేత్తో పట్టించాలి. సారుకి అది నాకంటే బాగా తెలుసు. నేను తలూపాను.

మీటింగు అయ్యాక ఆయన గదిలోకి వెళ్ళి తలుపు నేనే వేశాను. నమ్మించి గొంతు కోశారన్నాను. నా నోటుబుక్కు చదివి కూడా ఇలా ఎలా చేశారన్నాను. ఆయన అరవలేదు. తెలుగు డీన్ తెలుగు విభాగం తెచ్చుకున్నాడని అంటారమ్మీ, నా మీదకే వచ్చేత్తది అన్నాడు. తర్వాత బీరువా తెరిచి నా సర్వీసు ఫైలు తీశాడు. నేను ఉద్యోగానికి పెట్టుకున్న అప్లికేషను తెరిచి నా ముందుకి తోశాడు.

"నన్నంటన్నావు. నీ కాయితం ఏటి సెప్తందో సూడు."

మాతృభాష ఎదురుగా నా చేతిరాతే. ఒడియా. మా అమ్మ రాతలాగే గుండ్రంగా ఉంది.

ఆ సాయంత్రం అమ్మ గుమ్మంలోనే ఏమైందని అడిగింది. పేజీ తీసేశారని చెప్పాను. "నాను రాసిన దానివల్లేనేటి అమ్మీ?" అంది. కాదన్నాను. ఆవిడ నమ్మలేదు. సాయంత్రం తరగతి మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

వేసవిలో నా కాంట్రాక్టు పొడిగింపు ఫారం వచ్చింది. ఈసారి ఆ గడిలో తెలుగు అని రాస్తానని వారం రోజులు నాలో నేను శపథాలు చేశాను. అమ్మ మందులు గుర్తొచ్చాయి, ఇంటద్దె గుర్తొచ్చింది. ఒడియా అని రాసి, సంతకం కోసం పట్టుకెళ్ళి సారు బల్ల మీద పెట్టాను. ఆయన ముందు ఆ గడి మీదే వేలు పెట్టి చూశాడు. సంతకం చేసి ఫారం తిరిగి ఇచ్చాడు.

"తెలివైనదానివమ్మీ," అన్నాడు. తలుపు వేసి ఉంది కాబట్టి తెలుగులోనే అన్నాడు.