రెండు కళ్ల నడుమ బొట్టు

ఈ దసరాకు ఆయుధపూజ సామాను వరండాలో పేరుస్తుంటే మా కోడలు మూలనున్న అల్యూమినియం దిమ్మెను చూపించి, "అత్తమ్మా, గీ తుక్కుకు గూడ బొట్టు పెట్టాల్నా?" అని అడిగింది. "ముందు దానికే పెట్టు" అన్నాను. అది మా తమ్ముడి కారు ఇంజనుకు పాత హెడ్డు, అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం. పుట్టింటి నుంచి నేను అడిగి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే.

నాకంటే చాలా చిన్నవాడైన తమ్ముడు సొంత సంపాదనతో కొన్న మొదటి వస్తువు ఆ కారు. పాతదే, కానీ టర్బో ఉన్న దూకుడు బండి. తుక్కుగూడ దగ్గర రింగురోడ్డు ఎక్కితే దాని గొంతే మారిపోయేది. ఒకనాడు వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటినా ఆపకుండా ఇబ్రహీంపట్నం దాకా తోలుకొచ్చాడు. బతుకమ్మకు నేను పుట్టింటికి వచ్చేసరికి బండి వాకిట్లో చచ్చిపడి ఉంది. ఆయిల్ తీసి చూస్తే పాలు పోసిన చాయ్ రంగు. ఇంజనును చల్లబరిచే నీళ్లు అందులో కలిసిపోయాయట. ఇంజను విప్పి మళ్లీ కట్టాలంటే కారు కొన్నంత ఖర్చు. తమ్ముడేమో ఎట్లాగూ విప్పుతున్నాం, పెద్ద టర్బో వేసి ఇంకా జోరు పెంచుదామంటాడు. మా నాన్న, బాపు మాత్రం, "గా పైసలతోని ఇంకో బండి వస్తది. దీన్ని తుక్కుకు అమ్మి పారెయ్" అన్నాడు. తమ్ముడు రెండు రోజులు అన్నం కెలికి లేచిపోయాడు.

చివరికి మా ట్రాక్టరు బాగుచేసే చాచా వచ్చాడు. విప్పకముందు ఆయన ఖర్చు చెప్పడు. షెడ్డులో తెల్ల దుప్పటి పరిచి, విప్పిన వరుసలోనే ఒక్కొక్క భాగాన్నీ పేర్చాడు. ఆ దుప్పటిని ఎవరూ దాటకూడదు. బాపు ఇంట్లోనే పలక పట్టించి చెప్పిన చదువు నాది, అందులో ఇంజన్లు లేవు. సిలిండర్ లోపలి గోడ మీద చాచా గోటిని మెల్లగా జార్చి, "గోరు ఏడ తట్టలే బేటీ. గీతల్లేవు, బోరు బాగున్నది" అన్నాడు. వేలి కొసలో అంత తెలివి పెట్టిన దేవుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను. పిస్టన్ నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ పోతుందని తమ్ముడు చెప్తే, నేను ఒక్క నామం అనుకునేలోపల అది ఎన్నిసార్లు పోయొచ్చిందోనని గుడ్లప్పగించి చూశాను.

పండుగ ముందురోజు భాగాలన్నీ కడిగి, గుడ్డ కప్పి, "దసరా అయినంక వచ్చి బిగిస్త. ఎవ్వర్నీ ముట్టనియ్యకు బేటీ, నీ మీదనే భరోసా" అని చెప్పి పోయాడు. ఆ మాట మనుషుల గురించేగాని పూజ గురించి కాదనుకున్నాను. దసరా పొద్దున తలస్నానం చేసి, నూనెలో తడిపిన కుంకుమతో అన్నింటికీ బొట్లు పెట్టాను. హెడ్డును తిరగేస్తే వాల్వుల గుంటలు జంట కళ్లలా ఉన్నాయి. బొట్టు కళ్ల నడుమ కాక ఇంకెక్కడ పెడతాం? పైన ఇంత పసుపు కూడా చల్లాను.

చాచా వచ్చి గుడ్డ తీసి కొయ్యబారిపోయాడు. "యా అల్లా! ఇంజన్ల పసుపు పోతే ఇసుక పోసినట్టే గద బేటీ!"

"పండుగ గద చాచా..." అన్నాను.

"అక్కా, దేవునికి గూడ జర సెలవియ్యవా?" అని తమ్ముడు తల పట్టుకున్నాడు.

చాచా మళ్లీ కడగడానికి కూర్చున్నాడు. సిగ్గుతో నేనూ ఒక గుడ్డ అందుకున్నాను. తుడిచిన హెడ్డును ఎండలో పెట్టాం. కాసేపటికి ఆ రెండు కళ్ల నడుమ, సరిగ్గా నా బొట్టు ఉన్నచోట, వెంట్రుకంత ఎర్రగీత తేలింది. తుడిస్తే పోయింది. మళ్లీ తేలింది. చాచా అద్దాలు సవరించుకుని వంగి చూశాడు. "పగులు. నా కండ్లకు దొరకలే. నీ కుంకుమ నూనె లోపటికి దిగి, ఎండకు బయటికొస్తున్నది. గిట్లనే బిగిస్తుంటి" అన్నాడు. రింగురోడ్డు, ఆ వేగం, లోపల తమ్ముడు, అన్నీ నా కళ్లముందు మెదిలాయి.

కొత్త హెడ్డు కొనాలి. పెద్ద టర్బోకు దాచుకున్నదంతా దానికే పోతుంది. బాపు, "అందుకే అమ్మమన్న" అన్నాడు.

"ఇంకో బండి వస్తది పటేలా," అన్నాడు చాచా, "దాని లోపట ఏమున్నదో నీకెర్కనా? దీన్నయితే బొక్కబొక్క చూసినం."

బాపు దుప్పటి అంచున నిలబడి వరుసగా అన్నింటినీ చూశాడు. తమ్ముడి వైపు తిరిగి, "కట్టియ్. కానీ జోరు ఎంతున్నదో గంతే ఉండాలె" అన్నాడు.

"అవ్ బాపు, గంతే చాలు" అన్నాడు వాడు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

కోడలికి ఇదంతా చెప్పి, ఆమె పెట్టిన నూనె బొట్టును తుడిచి, దిమ్మెను ఎండలో పెట్టి చూపించాను. సన్నగీత మెల్లగా ఎర్రబడింది. ఇన్నేళ్లయినా పగులు అక్కడే, అంతే ఉంది. కొత్త హెడ్డు బిగించిన ఆ కారులోనే మేం ఇంత కాలం దాటి వచ్చాం.