లేని పురుగు

మా బాబాయికి ఆకు వెనకవైపంటే భయం. ముందువైపు ఎంత నిగనిగలాడినా ఆయన నమ్మడు. వెనక ఏదో నక్కి కూర్చునే ఉంటుందని ఆయన అనుమానం.

వృత్తి వాచీల రిపేరు. కంటికి బిగించుకునే ఆ చిన్న అద్దంతోనే పొద్దున్నే వరండాలోని పదకొండు కెమీలియా పూలకుండీల్లోనూ ఆకు ఆకూ తిప్పి చూసేవాడు. ఆకు మీద నల్లటి మసి కనపడితే ఆ పూట కాఫీ ముట్టడు. తెల్లటి పొలుసు పురుగు కనపడిందా, సబ్బునీళ్ళ గిన్నె పట్టుకుని యుద్ధానికి దిగినట్టే. ఇంటికొచ్చే ప్రతివాడూ గేటు దగ్గర బట్టలు దులుపుకోవాల్సిందే.

"ఉత్తరాలు కూడా దులపాలాండీ?" అన్నాడు పోస్టుమాన్ ఒకసారి.

"కవర్లు విప్పి దులపమనలేదుగా, సంతోషించు."

నేను ఉద్యోగం కోసం వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఒక ఉదయం పక్కింటి టీచరమ్మ కుండీ పట్టుకుని వచ్చింది. భర్త పోయేముందు తన చేత్తో నాటిన కెమీలియా అది. ఆకులన్నీ పసుపుపచ్చగా పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి.

"అన్నయ్యగారూ, ఇది బతుకుతుందా?"

బాబాయి అద్దం బిగించి ఆకులు తిప్పి చూశాడు. తర్వాత మట్టి గీకాడు. పైన తెల్లగా పొర కట్టి ఉంది.

"ఏం పోస్తున్నావమ్మా?"

"బలానికని సున్నపు తేట. రెండేళ్ళుగా ఒక్కరోజు కూడా మానలేదు."

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "పురుగు!" అని అరిచాడు. "కంటికి ఆననంత చిన్నది. నా కుండీల్లోంచే వచ్చింది, తప్పు నాదే. దానికి సున్నమంటే ప్రాణం. ఇకమీదట చుక్క పోశావో, చుట్టాలందర్నీ పిలుచుకొస్తుంది!"

"అంటే మీ పురుగు వచ్చి మా ఆయన మొక్కని తినేసిందా? ఇది గనక పోతే మీ గుమ్మం తొక్కను!" అని ఆవిడ కుండీ అక్కడే వదిలేసి విసురుగా వెళ్ళిపోయింది.

నేను అద్దం లాక్కుని ప్రతి ఆకూ వెతికాను.

"బాబాయ్, పురుగేదీ?"

"మెల్లిగా అనవే. పురుగూ లేదు, పాడూ లేదు. ఈ మొక్కకి సున్నం పడదు. ఆవిడ చేతులారా పోసింది, అదీ ప్రేమతో. ఆ మాట చెప్పమంటావా?"

నేను అద్దం ఆయన చేతికి తిరిగి ఇచ్చేశాను.

ఆ తర్వాత నెలన్నర మా ఇంట్లో భయం తప్ప మరొకటి వండలేదంటే నమ్మండి. ఆకులు కుళ్ళిన ఎరువుతో మట్టి మార్చాడు. వాననీళ్ళు పట్టి పోశాడు. అయినా రోజుకో ఆకు రాలేది. బాబాయి ఒకాయన వాచీకి ముళ్ళు బిగించడం మరిచిపోయి ఇచ్చేశాడు.

"టైమెలా చూసుకోవాలండీ?" అని ఆయన గోల.

"ఆకులున్నాయా, రాలాయా?" అని బాబాయి నన్నడిగాడు.

చివరికి నాకూ ఆ జబ్బు అంటుకుంది. ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ఆ కుండీ దగ్గరికే పరిగెత్తేదాన్ని. మూడే ఆకులు మిగిలిన రోజు మేమిద్దరం అన్నం ముందు కూర్చుని కలుపుకోలేదు.

తెల్లారి కొమ్మ చివర పచ్చటి చిగురు కనపడింది. బాబాయి అద్దం పెట్టాడు, తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టాడు. అద్దం చెమ్మగిల్లిందని విసుక్కున్నాడు. చెమ్మ అద్దానిది కాదని నేను అనలేదు.

మొగ్గ తొడిగాక కుండీ ఆవిడకి అప్పగించాం. పువ్వు విచ్చిన రోజు బాబాయి చూడ్డానికి వెళ్ళాడు. టీచరమ్మ గేటుకి అడ్డంగా నిలబడింది.

"ఆగండి! మీ పురుగు వల్ల నా మొక్క చచ్చి బతికింది. ముందు దులుపుకోండి!"

బాబాయి చొక్కా దులుపుకున్నాడు.

"కాలర్ కూడా!"

కాలర్ కూడా దులిపాడు. ఆ లేని పురుగు కోసం ఆయన ఇప్పటికీ ఆ గేటు దగ్గర దులుపుకుంటూనే ఉన్నాడు.