ఎదురొచ్చిన చిన్నమ్మ, కదలని గేరు

మా తమ్ముడి కారులో గేరు మార్చే కర్ర ఉండదు. సీట్ల మధ్య గుండ్రటి మీట ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే లోపలి తీగలు గేరు పెట్టెకు కబురు మోసుకెళ్తాయి. ఎండాకాలం మొదలయ్యాక ఆ కబురు అప్పుడప్పుడు చేరకుండా పోసాగింది. ఇంజను నడుస్తుంది, మీట తిరుగుతుంది, తెర మీద మాత్రం పార్కింగు గుర్తు 'పి' మిణుకుమిణుకుమంటుంది. కారు కదలదు.

బొగ్గు గని ఆఫీసులో గుమాస్తా అయిన మావాడు దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ అది ఎంతో బుద్ధిగా నడిచింది. "గాడీ ఠీక్ ఆహే సాహెబ్" అని మరాఠీలో చెప్పి పంపేశాడాయన. ఇక మావాడే కారణం కనిపెట్టాడు.

"చిన్నమ్మ ఎదురొచ్చిననాడే ఆగుతుందన్నా."

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. భర్త పోయినప్పటి నుంచి చంద్రపూర్‌లో మాతోనే ఉంటోంది. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వాకిట్లోకి వస్తుంది. భర్త పోయిన ఆడమనిషి ఎదురైతే కీడనే వాళ్లతో నేను వేదికలెక్కి వాదించాను. ఆ పూర్వపక్షం మా ఇంట్లోనే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు తాళం తిప్పుతూ నిలబడుతుందని మాత్రం ఊహించలేదు.

"కాకతాళీయంరా" అన్నాను.

"మొన్న వచ్చింది, ఆగింది. నిన్న రాలే, నడిచింది. రుజువు చూడమని నువ్వే గదా అందరికీ చెప్తవ్?"

భోజనాల దగ్గర దీని మీద ఉపన్యాసమే ఇచ్చాను. చిన్నమ్మ అంతా విని, నా కంచంలో పెరుగు వేస్తూ అంది: "నీ మాటలకు కారు కదుల్తదా బిడ్డా? నేనే జర ఆగి బయటికొస్త తియ్."

మర్నాటి నుంచి కారు చప్పుడు సందు మలుపు దాటాకే ఆమె తలుపు తీసేది. అంతదాకా పాల ప్యాకెట్ గడప అవతల ఎండకు చెమటలు కక్కేది. ఇంతలో రాజుర అవతలి లక్కడ్‌కోట్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఆమె అన్న మనవరాలి నిశ్చితార్థం, ఆదివారం. "మీరు కార్ల పోండ్రి, నేను బస్సుల వస్త" అంటూ సంచీ సర్దుకుంది. పుట్టింటి శుభకార్యానికి ఆమెను బస్సెక్కించి, మేం కారులో దిగడమా? నాకు ఒళ్లు మండింది.

ఒళ్లు మండేటప్పుడు బుర్ర పనిచేయదు. చల్లబడ్డాక ఒక సంగతి తట్టింది. తమ్ముడు అబద్ధం చెప్పడం లేదు. ఆమె వచ్చినప్పుడే కారు మొరాయిస్తోంది. కళ్లెదుట ఉన్నదాన్ని కాకతాళీయమని తోసేయడం హేతువాదం కాదు, బద్ధకం. ఆమె వస్తే కారు ఏం చేస్తుందన్నది కాదు, తమ్ముడు ఏం చేస్తాడన్నది అడగాలి.

"చిన్నమ్మ కనిపిస్తే నువ్వేం జేస్తవురా?"

"ఏం జేస్త? జరసేపు కూసుంట. నీళ్లు తాగి బయల్దేరుత."

"ఎక్కడ కూసుంటవ్?"

"కార్లనే. ఉక్కపోస్తది గదా, ఫ్యాన్ పెట్టుకుంట. పాటలు పెట్టుకుంట."

"ఇంజన్?"

"పెట్రోల్ ఊకెనే వస్తదా? బంద్ ఉంటది."

దొరికింది దొంగ! సెకండ్‌హ్యాండ్ కారు, దానితోపాటు వచ్చిన ముసలి బ్యాటరీ. ఇంజను ఆగి ఉండగా ఫ్యానూ పాటలూ దాన్ని పీల్చేస్తున్నాయి. తర్వాత స్టార్ట్ చేస్తే ఇంజను ఎలాగో అందుకుంటుంది కానీ, ఆ క్షణంలో కరెంటు చాలక గేరు మీట బిగుసుకుపోతుంది. కాసేపు ఇంజను నడిచి బ్యాటరీ తేరుకున్నాక, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అంతా మామూలే. ఆ కాసేపట్లో మావాడు ఇంకోసారి నీళ్లు తాగి, దోషం పోయిందనుకునేవాడు. కారును ఆపింది అపశకునం కాదు, దానికి చేసిన పరిహారం!

"గంతేనా? బ్యాటరీ మార్పిస్త" అన్నాడు.

"ఇప్పుడే వద్దు. ముందు పరీక్ష." మారిస్తే కారు బాగుపడుతుంది, చిన్నమ్మ మీది నింద అలాగే ఉండిపోతుంది.

శనివారం చిన్నమ్మను లోపలే ఉండమని, కారుకు ఎదురుగా నేను నిలబడ్డాను. తమ్ముడు ఎప్పటిలాగే ఫ్యాను, పాటలు పెట్టుకుని కూర్చుని, తర్వాత స్టార్ట్ చేశాడు. 'పి' మిణుకుమంది. నేను చప్పట్లు కొట్టాను.

"నీ మొగం గూడ అపశకునమే ఉన్నట్టుందన్నా" అన్నాడు వాడు.

సగం రుజువే అయింది. మిగతా సగానికి చిన్నమ్మే కావాలి. సాయంత్రం కారును బల్లార్‌పూర్ దాకా తిప్పి బ్యాటరీ నింపుకొచ్చాం. ఆదివారం పొద్దున ఆమె గడప లోపలే ఆగిపోయింది.

"మల్ల ఆగితే? ఇగ జన్మల నా మీది నింద పోదు బిడ్డా."

"ఆగదు, రా" అన్నాను. ఆమె చెంగు బిగించి, సంచీతో సహా వచ్చి కారు ముందు నిలబడింది. తమ్ముడి చెయ్యి అలవాటుగా నీళ్ల సీసా మీదికి పోయింది.

"నీళ్లు రాజురల తాగుదువు గని, ముందు అది తిప్పు!" అని కేకేసింది చిన్నమ్మ.

వాడు స్టార్ట్ చేసి మీట తిప్పాడు. కారు ఎంత చురుగ్గా కదిలిందంటే, ఆమె చటుక్కున పక్కకు గెంతాల్సి వచ్చింది. "దీని పాడుగాను, మీదికే వస్తున్నది!"

తమ్ముడు బ్రేకు వేసి, ఆమె మొహంలోకి చూడలేక, వంగి ముందు తలుపు తెరిచాడు. చిన్నమ్మ సంచీ ఒళ్లో పెట్టుకుని దర్జాగా కూర్చుంది. లక్కడ్‌కోట్ చేరేదాకా ఒక్క గుంత కూడా వదలకుండా వాడి డ్రైవింగును తిడుతూనే ఉంది. ప్రతి గుంతకూ వాడు "అవ్ చిన్నమ్మా" అని ఒప్పుకుంటూనే ఉన్నాడు.