మనిషికో రేటు

నేను బడి మానేశానని మా ఊళ్లో చెప్పుకుంటారు గానీ అది పూర్తిగా నిజం కాదు. బడే నన్ను మానేసింది. ఎనిమిదో తరగతిలో ఒకరోజు ఎందుకో బుద్ధి పుట్టి వెళ్తే, లెక్కల మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, "ఎవరి కోసం వచ్చావు బాబూ?" అని మర్యాదగా అడిగారు. తిట్టినా కొట్టినా తట్టుకునేవాణ్ణి. అంత మర్యాద తట్టుకోలేకపోయాను. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

అలాంటి నన్ను తీసుకొచ్చి, పొద్దస్తమానం గోడ మీద గ్రాఫులు చూస్తూ నిట్టూర్చే ఆఫీసులో కూర్చోబెట్టారు.

అంతకు ముందు నా పని ఆటోలో మైకు పట్టుకుని తిరగడం. చిలకలూరిపేట నుంచి పర్చూరు దాకా విత్తనాల కంపెనీలకూ, చీరల కొట్లకూ, కంటి శిబిరాలకూ నేనే ప్రచారం. మధ్యలో నాలుగు జోకులు వేస్తే జనం ఆగి వినేవాళ్లు. చివరికి గొంతు మొరాయించింది. ఇంకా అరిస్తే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, గుంటూరులో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఒక అమ్మాయి నా ప్రచారం విని నవ్వి, ఆటో వెనక రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. వేటపాలెం పిల్ల. పురుగుమందుల కొట్టు పైన రెండో అంతస్తులో సెల్‌ఫోన్ ఆటల కంపెనీ పెట్టింది. వయసులో నా కూతురంత ఉంటుంది గానీ జీతం ఇచ్చే మనిషి కాబట్టి నేను మేడం అంటాను. ఆమె నన్ను బాబాయ్ అంటుంది.

వాళ్లు తయారు చేసింది మిర్చి పండించే ఆట. నారు నాటాలి, తెగుళ్లు కాచుకోవాలి, కోయించాలి, కల్లంలో ఎండబెట్టాలి, తెల్లబడిన తాలుకాయలు ఏరిపారేసి మిగతావి టిక్కీలకెత్తాలి. అంటే మూటలు కట్టాలి. వాటిని మార్కెట్ యార్డుకు తోలితే అక్కడ ఒక కమిషన్ ఏజెంటు ఉంటాడు. ఆ ఏజెంటు మాటలు రాసేదీ, ఆ గొంతుతో పలికేదీ నేను. అరవక్కర్లేదు. కుర్చీలో కూర్చుని, మైకు దగ్గర పెట్టుకుని మెల్లగా మాట్లాడితే చాలు. కాయలో తాలు ఎక్కువైతే మా ఏజెంటు, "ఏంది బాబాయ్, నీ కాయ పెళ్లిచూపులకి పౌడరు రాసుకొచ్చిందా?" అంటాడు. సరుకు అమ్మనంటే, "సరే, మీ మనవడు వచ్చి అమ్ముతాళ్లే, నేను వాడితో మాట్లాడతా" అంటాడు.

ఈ మనవడి జోకే నా కొంప మీదికి తెచ్చింది.

ఆటకు డబ్బు పెట్టిన పెద్ద కంపెనీ బెంగుళూరులో ఉంది. వాళ్లు ఒకటే మాట చెప్పారు. ఉగాది లోపు ఆడేవాళ్లలో ఎక్కువమంది మొదటి పంట అమ్మి రెండో పంటకు వెళ్లాలి. వెళ్లకపోతే ఆట మూసేస్తారు. ఆట మూస్తే మేడం ఆఫీసు పోతుంది, నేను మళ్లీ ఆటో ఎక్కాలి. ఎక్కినా అరవడానికి గొంతు లేదు.

జనం ఏం చేస్తున్నారో చూసి చెప్పడానికి మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. నరసరావుపేట మనిషి. ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుంటాడు. నేను ఆయన్ని లెక్కలాయన అంటాను. ఎవరు ఎప్పుడు ఆట తెరిచారు, ఎక్కడ నొక్కారు, ఎక్కడ విసుగొచ్చి మూసేశారు, అన్నీ ఆయన దగ్గరికి చేరతాయి. ఏదడిగినా, "డేటా అలా చెప్తోందండి" అంటాడు. డేటా అనే ఆవిణ్ణి నేను చూడలేదు గానీ, ఆమె నా గురించి ఒక్క మంచి మాట చెప్పగా వినలేదు.

ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి గోడ మీద గీత చూపించాడు. గీత చక్కగా మెట్లు దిగుతూ వచ్చి ఒకచోట బావిలో పడ్డట్టు పడింది.

"కోత దాకా బ్రహ్మాండంగా వస్తున్నారండి. టిక్కీలు కూడా కడుతున్నారు. యార్డుకెళ్తే ఏజెంటు మాట్లాడతాడు. అంతే. సరుకు ఏసీలో పడేసి వెళ్లిపోతున్నారు."

మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటారు. ఆటలోనూ అదే పేరు పెట్టాం.

"ఏజెంటు మాట్లాడాకే పోతున్నారంటే..." అని ఆగాడు.

"అంటే?"

"మీ జోకు వల్లేమోనండి."

"మీరు ఆఖరిసారి ఎప్పుడు నవ్వారండీ?"

"అది ఈ డేటాలో లేదండి" అన్నాడు, నిజంగానే వెతికి చూసి.

నా జోకులకు పరీక్ష పెట్టారు. ఆడేవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు జోకులేసే ఏజెంటును, రెండో గుంపుకు నోరు మూసుకున్న ఏజెంటును చూపించారు. వారం తిరిగాక ఫలితం వచ్చింది. జోకులు విన్నవాళ్లూ వెళ్లిపోయారు, విననివాళ్లూ వెళ్లిపోయారు. ఏ తేడా లేదు. నా జోకుల వల్ల జనం పారిపోతున్నారంటే కనీసం వాటికి బలం ఉందనుకునేవాణ్ణి. ఉన్నా లేకపోయినా ఒకటేనని రంగుల్లో గీత గీసి చూపిస్తే, ఇంటికెళ్లి అన్నం తినబుద్ధి కాలేదు.

ఆ తర్వాత బెంగుళూరు నుంచి మార్కెట్ విశ్లేషణ అని ఒక రిపోర్టు వచ్చింది. మేడం చదివి తెలుగులో చెప్పింది. మా ప్రాంతపు ఆటగాళ్లు నిర్ణయం తీసుకోవడానికి జంకే వర్గమట. వాళ్లకు చెయ్యి పట్టుకుని దారి చూపాలట. పొలం బేరమైనా పెళ్లి బేరమైనా నడిరోడ్డు మీద నిలబడి తేల్చేసే మనుషుల గురించి ఆ మాట రాసినవాడు ఎవడో, వాణ్ణి ఒక్కపూట యార్డులో నిలబెట్టాలనిపించింది.

వాళ్లు పంపిన మందు కూడా అలాగే ఉంది. మొదటిది ఒక వేలు. పచ్చటి వేలు ఒకటి తెర మీదికొచ్చి, 'అమ్ము' అనే బొమ్మ మీద టకటకా కొడుతూ ఉంటుంది. దాన్ని తీసెయ్యడానికి లేదు. నా చేత 'అమ్మేయండి' అనే మాటను బతిమాలుతూ, కసురుతూ, జాలిగా రకరకాలుగా పలికించారు. రెండోది రేట్ల పరీక్ష. ఏ రేటు చూపిస్తే అమ్ముతారో తెలుసుకోవడానికి ఆడేవాళ్లను మళ్లీ గుంపులు చేసి, గుంపుకో రేటు పెట్టారు. ఎంతకీ అమ్మనివాళ్లకు ఆశ పుట్టాలని రేటు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయారు.

ఒక్కరూ అమ్మలేదు. పోనీ ఆట వదిలేశారా అంటే అదీ లేదు. పొద్దున్నే తెరుస్తారు, రేటు చూస్తారు, మూసేస్తారు. లెక్కలాయన స్వెట్టరు చేతులు లాక్కుంటూ, ఇలాంటి ప్రవర్తన ఎక్కడా చూడలేదన్నాడు.

"బాబాయ్, మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా ఆడుతున్నారా?" అని అడిగింది మేడం. ఉగాది దగ్గర పడేకొద్దీ ఆమె టీ తాగడం ఎక్కువైంది, మాట తగ్గింది.

"మా అక్క ఆడుతుంది."

"ఒకసారి వెళ్లి ఎందుకు అమ్మట్లేదో కనుక్కోరా?"

మా అక్క పర్చూరు దగ్గర ఉంటుంది. మిరప కోతలకు కూలికి వెళ్తుంది. ఆదివారం నేను వెళ్లేసరికి చర్చిలో ఆరాధన అయిపోయి, ఆడవాళ్లు అరుగు మీద చేరారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఏదో బైబిలు వాక్యం చూసుకుంటున్నారనుకున్నాను.

"నీకెంతే?" అంటోంది అక్క పక్కింటామెతో.

"పద్దెనిమిది వేలు. నీకూ?"

"నాకు పదిహేనే చూపిస్తంది. పాస్టరమ్మ గారికి ఇరవై అంట."

అందరూ పాస్టరు గారి భార్య వైపు తిరిగారు. ఆమె ఫోను కొంగు చాటుకు తీసుకుంది.

"నేనేం చేశానమ్మా, నాకట్టా పడింది."

"ప్రార్థన చేసుంటారు లెండి," అంది అక్క. అప్పుడు నేను కనపడ్డాను. "వచ్చావా. ఒరేయ్, మీ ఆఫీసోళ్లు మనిషికో రేటు పెడతన్నారంటగా?"

"అది పరీక్షక్కా."

"ఎవరికి పరీక్ష?"

"మీరు ఏ రేటుకు అమ్ముతారో చూద్దామని..."

"చూడు మరి. కాయని బట్టి రేటు ఉంటది గానీ మనిషిని బట్టి రేటు ఏందిరా? యార్డులో ఎవడన్నా ఇట్టా చేస్తే కాటా ఎత్తి అవతల పారెయ్యరూ?"

పక్కింటామె అందుకుంది. "ఆ వేలు ఒకటి. దాన్ని పెట్టినోడెవడు? మా అత్త కూడా నన్నట్టా పొడవలేదు."

గొంతు బాగా లేకపోయినా బతిమాలాను. ఆట మూసేస్తారన్నాను. నా కుర్చీ పోతుందన్నాను. "అక్కా, నువ్వన్నా అమ్మవే, నిన్ను చూసి నలుగురు అమ్ముతారు."

"పాస్టరమ్మ గారి రేటు నాకొచ్చినాక అమ్ముతా."

"ఆమె ఇరవైకి అమ్మొచ్చుగా?"

పాస్టరమ్మ గారు నావైపు జాలిగా చూసింది. "పెరుగుతుంటే ఎట్టా అమ్ముతాం నాయనా."

అక్కడితో నాకు విషయం బోధపడింది, ఓపికా అయిపోయింది. ఒకరిని చూసి ఒకరు ఆగారు. ఆగారని బెంగుళూరువాళ్లు రేటు పెంచారు. పెరుగుతోందని వీళ్లు ఇంకా ఆగారు. ఇటు చూస్తే వీళ్లు, అటు చూస్తే వాళ్లు, నడుమ టకటకా కొట్టే ఆ వేలు, దానికి తోడు నా గొంతు.

ఇంటికి నడుస్తున్నప్పుడు అక్క ఇంకో మాట చెప్పింది. ఫోను తీసి ఏసీలో టిక్కీలు చూపించింది. ఒకదాని మీద ఒకటి, నిండుగా, ఆమె పేరు రాసి ఉంది.

"ఎవరెవరి కాయో కోశాను. పుట్టి బుద్ధెరిగాక నా పేరు మీద ఏసీలో సరుకుండటం ఇదేరా. పొద్దున్నే లేచి చూసుకుంటే బాగుంటది. అమ్మేస్తే ఏముంటది, ఖాళీ నేల."



సోమవారం ఆఫీసులో అంతా చెప్పాను. "వాళ్లు ఒకరి ఫోను ఒకరు చూసుకుంటారా అండి?" అన్నాడు లెక్కలాయన. గుంపుల పరీక్షలో ఎవరి ఫోను వాళ్లదేనని లెక్కట. మేడం ఆయన్నే అడిగింది.

"మీరు మీ సరుకు అమ్మారా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "రేటు చూస్తున్నానండి."

"మా అమ్మ కూడా అమ్మలేదు," అంది మేడం. "బాబాయ్, మీరు?"

నాదీ ఏసీలోనే ఉంది. నోరు నొప్పెట్టేలా అందరికీ అమ్మేయండని చెప్తున్న ఏజెంటు సరుకు కూడా అక్కడే మూలుగుతోంది. ఆ గదిలో మిర్చి అమ్మినవాడు ఒక్కడూ లేడు.

అప్పుడు మేడం ఒక ప్రశ్న వేసింది. "మన ఊళ్లలో ఏసీలో సరుకుండగానే మళ్లీ నాటుతారు గదా. మనమెందుకు అమ్మితేనే రెండో పంట అని గేటు పెట్టాం?"

ఎందుకు పెట్టామో ఎవరికీ తెలియదు. అలాంటి ఆటల్లో అలాగే ఉంటుందట, అందుకని పెట్టారట.

బెంగుళూరు కంపెనీ ఆయనతో వీడియోలో మాట్లాడాం. అందరికీ ఒకటే రేటు, సరుకు ఏసీలో ఉన్నా రెండో పంట వేసుకోవచ్చు, ఇవీ మేం అడిగింది. అందరికీ ఒకే రేటు పెడితే మనం కొత్తగా ఏం నేర్చుకుంటామని ఆయన అడిగాడు. మనకు చదువు చెప్పడానికి వాళ్లు మిరపకాయలు పండించడం లేదని నేనన్నాను. మేడం ఆ మాట విని ఇంగ్లీషులో చాలా చిన్నదేదో చెప్పింది.

"ఏమని చెప్పారు మేడం?" అని తర్వాత అడిగాను.

"ఆయన మాట నిజమేనని మీరు ఒప్పుకున్నారని చెప్పాను బాబాయ్."

ఉగాది ముంచుకొస్తోందని ఆయనా కాదనలేదు, ఆ వారమే మార్చారు. పొద్దున్నే అందరికీ ఒకే రేటు నేనే చదివి వినిపిస్తాను. గేటు తీసేశారు. జనం ఏసీ వైపు ఒకసారి చూసుకుని, హాయిగా రెండో పంట నాటుకున్నారు. ఉగాదికి ముందే గీత బావిలోంచి పైకి లేచింది. ఆట నిలిచింది. మేడం అందరికీ స్వీట్లు పంచింది. లెక్కలాయన నవ్వాడు, కావాలంటే ఆ తేదీ డేటాలో రాసుకోమని చెప్పాను.

నెల తిరక్కుండానే బెంగుళూరు రిపోర్టు వచ్చింది. ఆట నిలబడటానికి ముఖ్య కారణం ఆ వేలేనట. ఇక మీదట వాళ్ల ఆటలన్నిటిలోనూ ఆ వేలు పెడతారట. నా జోకుల గురించి కూడా ఒక వాక్యం ఉంది. వాటివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు కాబట్టి ఉంచవచ్చని. మేడం ఆ కాగితం నాకు చూపించకుండా ఉండాల్సింది.

మళ్లీ పర్చూరు వెళ్లినప్పుడు అక్క ఏసీలో రెండు పంటల టిక్కీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. పాస్టరమ్మ గారికీ తనకీ ఇప్పుడు ఒకటే రేటు. అయినా ఒక్క మూట కదల్లేదు.

"అక్కా, ఇక అమ్మేయవే. ఎన్నాళ్లని దాచుకుంటావు?" అన్నాను.

అక్క ఫోను మీంచి తల ఎత్తలేదు.

"నీ ఎనిమిదో తరగతి ఇన్నేళ్లుగా ఏసీలోనే ఉంది గదరా. ఎప్పుడు బయటికి తీస్తావని నేనెప్పుడన్నా అడిగానా?"