అవ్వ కంటే ముందు అమ్మ బల్లెక్కిన రోజు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా ఇంటి మగ్గం చప్పుడు ఆగిందంటే, ఇంట్లో ఏదో జరిగిందని వీధికంతా తెలిసిపోయేది. అలాంటిది ఒక ఏడు అది మాటిమాటికీ ఆగడం మొదలైంది. అందుకు కారణం మా అవ్వ.

అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. పట్టు అచ్చు అతకడంలో, అంటే అయిపోయిన పడుగుకు కొత్త పడుగు కలపడంలో, ఆమెకు ఆమే సాటి. పాత పోగు కొసకు కొత్త పోగు చేర్చి, వేళ్లకు ఇంత బూడిద అద్దుకుని నులిమితే, అతుకు ఎక్కడుందో నేసే మా నాయనకు కూడా తెలిసేది కాదు. ముట్టయిన ఆడవాళ్లు మగ్గం తాకకూడదని మా ఇంట్లో గట్టి పట్టింపు. అమ్మకు నెలనెలా ఆ అడ్డు ఉండేది. అవ్వకు ముట్టు నిలిచిపోయి ఏళ్లు గడిచాయి కనుక దేవుడి గూడు, వంటిల్లు, మగ్గం అన్నీ ఆమె చేతికిందే నడిచేవి. ఆ పెత్తనమంటే ఆమెకు ప్రాణం.

ఒకరోజు పొద్దున్నే అవ్వ తనంతట తానే చాప, చెంబు తీసుకుని పెరటి వసారాలో దూరంగా కూర్చుంది. దాచిపెట్టి మగ్గం ముట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. కానీ నియమం దగ్గర ఆమె తనను కూడా వదిలిపెట్టే మనిషి కాదు. పక్కింటి ఆడవాళ్లు గోడ మీదుగా తొంగిచూసి, "ఏమవ్వా, రెండో కాపు మొదలైనాదా?" అని ఆటపట్టించారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ వయసులో మళ్లీ ముట్టు రావడం అదృష్టమని కూడా ఎవరో అన్నారు.

దూరం కూర్చున్న మనిషిని తాకం, ఎందుకని అడగం. అచ్చు అతికే చెయ్యి లేక నాయన చిరాకుపడేవాడు గానీ వసారా వైపు తల తిప్పేవాడు కాదు. కన్నతల్లినైనా ఆ సంగతి అడగడం కొడుక్కి మర్యాద కాదనుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకు భయం వేస్తుంది. ఒక ముసలి మనిషికి రక్తం పోతుంటే, ఇంటిల్లిపాదీ ఎంతో మర్యాదగా పక్కకు చూస్తూ గడిపేశాం.

అమ్మ ఒక్కతే నవ్వలేదు. అవ్వ తలకు పోసుకుని లోపలికి వచ్చిన కొన్నాళ్లకే మళ్లీ చాప తీయడం ఆమె గమనించింది. ఆసుపత్రికి పోదామంటే అవ్వ కస్సుమంది. "ఈ వయసులో ఒకరికి చూపించుకునే దానికి నాకేం ఖర్మ? పరువు తీస్తావా ఏం?" అమ్మ మాట పెంచలేదు. ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, అనుకున్నది మానడమూ చూడలేదు.

కొన్నాళ్లాగి అమ్మ వేరే దారి పట్టింది. "అత్తా, నాకు ఒంట్లో బాగలేదు. హిందూపురంలో డాక్టరమ్మ ఉండాదంట. నువ్వు తోడు రావల్ల" అంది.

"నీ మొగుణ్ణి పిల్చుకోని పో."

"ఆయన ముందర ఇట్లాంటివి యాట్ల చెప్పల్ల అత్తా?"

 ఎప్పుడూ అవ్వ చెప్పే మాటే అది. ఆమె లేచి చాప చుట్టింది.

నన్నూ వెంట తీసుకుపోయారు. రైల్లో అవ్వ కిటికీ పక్కన ముడుచుకుని, కొంగు ఎవరికీ తగలకుండా ఒళ్లో కుక్కుకుని కూర్చుంది. అమ్మ పోయి ఆమెకు ఆనుకుని కూర్చుంది. "జరుగు, అంటు" అని అవ్వ గొణిగితే, "జాగా యాడుండాది అత్తా" అంది అమ్మ. ఎదుటి సీటు సగం ఖాళీగానే ఉంది. పెనుకొండ దాటేదాకా నేను ఆ ఖాళీ సీటునే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ గదిలో తెర ఇవతల నన్ను నిలబెట్టారు. అమ్మ ముందు తాను బల్లెక్కి, అవ్వ చెయ్యి పట్టుకుని పరీక్ష చేయించుకుంది. తర్వాత దిగి, "చూసినావు కదా అత్తా, ఇంతే. ఇంక నువ్వెక్కు" అంది.

 "అయితే నీకేం రోగం లేదా?" అంది అవ్వ, తెర వెనక నుంచి.

"నాకు లేదత్తా. నీకుండాదేమో అని నాకు భయంగా ఉండాది."

అవ్వ బల్లెక్కింది.

స్కానింగులో అండాశయం మీద గడ్డ కనబడింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి తీసేశారు. దాన్ని గ్రాన్యులోసా కణాల గడ్డ అంటారట. అండం చుట్టూ ఉండి ఆడవాళ్ల హార్మోను తయారుచేసే కణాలే గడ్డ కట్టి, ఆ వయసులోనూ హార్మోను వదులుతుంటే, నిలిచిపోయిన రక్తం మళ్లీ కనబడిందట. మేము రెండో కాపు అని మురిసింది ఒక జాతి క్యాన్సరును. అది నిదానంగా పెరిగేది కాబట్టి, బయటికి పాకకముందే దొరికింది కాబట్టి, అవ్వ దక్కింది.

డాక్టర్లు ఆ మాటలు చెబుతుంటే నాయన తల తిప్పుకుని గోడ చూస్తున్నాడట. తెలుగు వచ్చిన పెద్ద డాక్టరు అది గమనించి, "మీ అమ్మకు ముక్కులోంచి రక్తం వస్తే అడగవా నువ్వు? ఇదీ అంతే. అరుదుగా మగవాళ్లకు వృషణాల్లో కూడా ఈ గడ్డ వస్తుంది. అప్పుడు నువ్వు ఎవరికి చెప్పుకుంటావు?" అన్నాడట. ఆ సాయంత్రం నాయన మంచం అంచున కూర్చుని, "యాడ నొప్పిగా ఉండాదమ్మా?" అని అడిగాడు. అవ్వ ఏడ్చింది.

ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టే గుణం ఉందన్నారు కనుక, అత్తాకోడళ్లిద్దరూ ఆపైన ఏటేటా పరీక్షకు పోయివచ్చేవాళ్లు. అప్పుడు అవ్వే ముందు చెప్పులేసుకునేది.

కానీ నాకు బాగా గుర్తున్నది వేరే. అవ్వ కోలుకుని మళ్లీ మగ్గం దగ్గరికి వచ్చాక, ఒకరోజు అమ్మ దూరం కూర్చుంది. అవ్వ చేతికున్న బూడిద దులుపుకుని, కాఫీ లోటా పట్టుకుని వచ్చి, ఆ చాప మీదే అమ్మకు ఆనుకుని కూర్చుంది.

"అంటు అత్తా" అంది అమ్మ, బెదిరిపోయి.

"జాగా యాడుండాదమ్మే" అంది అవ్వ. వసారా అంతా ఖాళీగానే ఉంది.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. ఎవరైనా ఆడమనిషి ఒంటి బాధ చెప్పలేక పక్కకు జరిగి కూర్చుంటే, నేను అడగకుండా ఉండలేను. అడిగినా కదలకపోతే వెంట తీసుకుపోయి, ముందు నేను బల్లెక్కుతాను.