ఇది నా నోరు కాదు

ఆ వృద్ధాశ్రమంలో ఆయాను గొప్ప మనిషి అన్నవారు లేరు. శుభ్రమైన మనిషని మాత్రం అందరూ అనేవారు. పొద్దున్నే మంచం మంచానికీ తిరిగి కట్టుడు పళ్లన్నీ ఒకే బేసిన్‌లో పోగుచేసేది. తళతళలాడేలా తోమి, ఎవరివి వారికి అందించేది. ఏ సెట్టు ఎవరిదో చూడగానే పోల్చుకోగలనని ఆమెకు ధీమా.

కిటికీ పక్క మంచం ఒకప్పటి లెక్కల టీచరమ్మది. ఆమె నోటికి జడిసి డాక్టరు సైతం గుమ్మంలోనే ఆగేవాడు. ఆయా మీద మాత్రం ఆ నోరు ముద్దుగా పడేది.

"ఏమే, నా పళ్లకు పెట్టే మెరుగులో సగం నీ చీరకు పెట్టకూడదూ?"

"నా చీరనెవరు చూస్తారు పెద్దమ్మా? మీరు నోరు తెరిస్తే ఇల్లంతా హడలిపోతుంది, అది మెరవాలి గానీ!"

ఒకరోజు టీచరమ్మ అన్నం ముద్దను పక్కకు నెట్టేసింది.

"ఇది నా నోరు కాదే."

"మరెవరిది పెద్దమ్మా, అద్దెకు తెచ్చుకున్నారా?"

ఆయా నవ్వింది, వంటమనిషీ నవ్వింది. మర్నాడూ టీచరమ్మ అదే మాట అంది. మతి తప్పుతోందని మేనేజరు తేల్చేశాడు. ముసలివాళ్ల మాట మనకు అర్థం కానప్పుడు లోపం మన వినికిడిలో ఉందని అనుకోం. అలా అనుకోకపోవడంలో గొప్ప సౌకర్యం ఉంది. క్రమంగా ఆమె తిండీ తగ్గింది, మాటా ఆగింది. నోటి దురుసు వదిలిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తిట్లు లేని గదిలో ఆయాకే చెయ్యి ఆడేది కాదు.

ఆ రోజుల్లోనే, చాలాకాలంగా మాట పడిపోయి ఉన్న పక్క మంచం ముసలావిడ కన్నుమూసింది. ఆయా ఆమె ముఖం తుడిచి, పళ్లు పెట్టి, నిండుగా సాగనంపింది.

తరువాత సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి పళ్ల నర్సు వచ్చింది.

"తోమడం తర్వాత, ముందు చూడండి. పళ్లు తీసి, చిగుళ్ల మీద, నాలుక కింద టార్చి వేసి చూడండి. ఎవరి సెట్టు వాళ్ల డబ్బాలోనే ఉండాలి, దాని మీద పేరుండాలి. అన్నీ ఒకే గిన్నెలో వేశారో, ఇక ఎవరి నోరు ఎవరికో!"

అందరూ నవ్వారు. ఆయా లేచి కిటికీ పక్క మంచం దగ్గరికి నడిచింది.

"పెద్దమ్మా, ఒక్కసారి నోరు తెరవండి."

పళ్లు తీసేసరికి కింద చిగురంతా పచ్చిపుండు. వెనకే వచ్చిన నర్సు సెట్టును తిప్పి చూసి, "ఇవి ఈవిడవి కావమ్మా. ఈవిడవేవి?" అని అడిగింది.

ఆయా పక్కనున్న ఖాళీ మంచం వైపు చూసింది.

పుండు మానాకే కొత్త పళ్లకు కొలత తీయడం వీలవుతుందని నర్సు చెప్పింది. అప్పటికే టీచరమ్మ దుప్పటి కింద ఉందో లేదో తెలియనంతగా చిక్కిపోయింది. ఆయా చెంచాతో పాలు పోస్తుంటే ఆమె బోసినోరు నెమ్మదిగా కదిలింది.

"ఇప్పుడు... ఇది నా నోరేనే."

"తిట్టండి పెద్దమ్మా. ఒక్కమాటైనా తిట్టండి."

టీచరమ్మ తిట్టలేదు. ఆయా చెంపను వేలితో తాకి కళ్లు మూసుకుంది.

పుండు మానలేదు, అంత వ్యవధి ఆమెకు మిగలలేదు. ఆయా వేడినీళ్లలో గుడ్డ ముంచి ఆమె ముఖం తుడిచింది, జుట్టు దువ్వింది. పెదవులను ఒకదానితో ఒకటి మెల్లగా కలిపింది. ఈసారి ఆ నోట్లో ఏమీ పెట్టలేదు.