పిల్లి నోట్లో పడ్డ నా నడుము నొప్పి

కాపురానికి వచ్చాక నేను పలికిన ఒకే ఒక్క పచ్చి నిజం నా కొంప ముంచింది. మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

తెలుగువాళ్లు మగ్గాల పనికి వలస వచ్చిన కనేరిలో మా ఇంటి కిందే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. వాటికి కండెలు చుట్టడం ఇంటి ఆడవాళ్ల పని. బి.ఏ. చదివిన చేతులతో దారం చుట్టడమా అని నేను నడుము నొప్పి కనిపెట్టాను. రెండేళ్లు నా వంతు కండెలూ అత్తమ్మే చుట్టింది. పైగా రోజూ సాయంత్రం నా నడుముకు నూనె రుద్దేది. నేను రాగం తీసి మరీ మూలిగేదాన్ని.

సాంచాలు బంద్ ఉన్న ఒక శుక్రవారం అందరం అమ్యూజ్‌మెంట్ పార్కుకు పోయాం. అక్కడో చెక్క రోలర్ కోస్టర్. దాని పేరు ఎలుకల గోదామట! బండ్లన్నీ ఎలుకలు, చివర నోరు తెరిచిన ఇంత పెద్ద పిల్లి. మా ఊరి పక్క మాన్కోలి గోదాముల్లో ఎలుకలు చాలనట్టు, టికెట్ కొని మరీ ఎక్కాలి.

"నడుము నొప్పంటివి గదా, గిదెట్ల ఎక్కుతవే?" అంది అత్తమ్మ, కిందే నిలబడి.

"డాక్టరే కదిలించమన్నడు అత్తమ్మా!" సమాధానాలకు నాకెప్పుడూ కరువు లేదు.

నేనూ మా ఆయనా ఎక్కాం. వంద సాంచాలు ఒక్కసారి మొదలైనట్టు ఆ చెక్కల మోత. పైనుంచి పడగానే చావు ఖాయమనిపించింది. పాపం మూటతో పోవడమెందుకని మా ఆయన వైపు తిరగబోయి, పిల్లి మొహానికేసి అరిచాను:

"నాకు నడుము నొప్పి లేదు! కండెలు చుట్టలేక అబద్ధమాడిన!"

"ఏందీ?" అన్నాడాయన. వినపడలేదు. హమ్మయ్య, అటు ప్రాణమూ మిగిలింది, ఇటు పరువూ మిగిలింది.

దిగేసరికి గేటు దగ్గర టీవీలో మా వీడియో వేశారు. పిల్లి కంట్లో కెమెరా ఉందట. శబ్దం లేని బొమ్మ. తెర నిండా నా మొహం, పిల్లికంటే పెద్దగా తెరిచిన నోరు.

అత్తమ్మ ముప్పై ఏళ్లు సాంచాల మధ్య బతికిన మనిషి. ఆ మోతలో మాట వినపడదు. అక్కడివాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు. అంత చదివిన నాకు ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"నాకు... నడుము నొప్పి... లేదు..." తెర చూస్తూ ఒక్కో మాటా పైకి చదివింది. క్యూలో ఉన్న తెలుగువాళ్లంతా మెడలు తిప్పారు.

"అమ్మా, ఇంకోసారి వెయ్యమందునా?" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ తిడితే నేనే గెలిచేదాన్ని, వాదనలో నన్ను మించినవాళ్లు లేరు. సాయంత్రం ఎప్పటిలాగే నూనె గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. వీపు నావైపు తిప్పి కూర్చుంది.

"రుద్దు బిడ్డా. రెండేండ్ల సంది నొస్తున్నది."

మర్నాటి నుంచి కండెలన్నీ నావే. ఇన్నేళ్లకు నా నడుము నిజంగానే పోయింది. నూనె రుద్దడానికి అత్తమ్మ ఈ లోకంలో లేదు. నొప్పి అంటే నా కూతురు, "మమ్మీ, ఫిర్ సే? మళ్లా మొదలా? పోయి ఆ పిల్లినే అడుగుదమా?" అంటుంది.

అందుకే కింది సాంచాల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: యముడే వచ్చి ఎదురుగా నిలబడినా పెదవి కదపను. మూలుగంటారా, అది ముక్కుతోనే.